గుంట కాడ కాయితాలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో, నిఘా శాఖలో ప్రొబేషనర్‌గా నన్ను భిలాయి యూనిట్‌కు పంపారు. సెక్టర్ 6లో ఒక క్వార్టరే ఆఫీసు, బయట బోర్డు ఉండదు. మాకు రహస్యంగా సమాచారమిచ్చే మనిషిని సోర్సు అంటాం. ఉతై దగ్గరి సోర్సు పేరు బయటికి పొక్కి, అతను కట్టుబట్టలతో ఊరు విడిచిపోయాడు. ఆ పేరు తెలిసినవాళ్లు ఆఫీసులో నలుగురే. వాళ్లలో ఫైళ్లు చూసే అప్పలనాయుడు గారి మీద మా అధికారి తివారీ గారికి అనుమానం. నాయుడు గారిది శ్రీకాకుళం వైపు. రిటైరవడానికి ఏడాది ఉంది. నాది తెనాలి. తెలుగువాణ్ణని ఆయన ఇంటి ఫోను వినే పని నాకప్పగించారు.

విన్న మాట విన్నట్టే రాసి, అర్థం పక్క గడిలో రాయాలన్నది పద్ధతి. నేను తొందరకొద్దీ నేరుగా ఇంగ్లీషులో అర్థమే రాసేవాణ్ణి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. ఆయన దగ్గినా నాకు సైగలాగే వినిపించేది.

ఐదో రోజు ఆయన బావమరిదితో అన్నారు: "కాయితాలు గుంట కాడున్నాయి. సాయంత్రం సుపేలాలో తీసీసుకో." గొయ్యి దగ్గర కాగితాలు! రహస్య పత్రాలు చేతులు మారే చోటు దొరికిందని రాసేశాను. తివారీ గారు ఆ మధ్యాహ్నమే నాయుడు గారి దగ్గర ఫైళ్లు తీసేసుకుని, నా నివేదికను రాయపూర్ పంపారు.

సుపేలా మార్కెట్లో టెలిఫోన్ కేబుల్ కోసం తవ్విన గొయ్యి ఒకటుంది. నేనూ తివారీ గారూ ఎదురుగా టీ తాగుతూ రెండు గంటలు దాన్ని కాపలా కాశాం. ఒక కుక్క తప్ప దాని దగ్గరికెవరూ రాలేదు. అంతలో ఆటో దిగిన ఒకమ్మాయి, టీ కొట్టు పక్కన నిలబడ్డ నాయుడు గారి బావమరిదికి కవరు అందించింది. లాక్కున్నాను.

"క్యా హువా భయ్యా? అది నా నర్సింగ్ ఫారమ్. మావయ్య జామీను సంతకం కావాలి" అంది బెదిరిపోయి. ఆమె నాయుడు గారి కూతురు.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చారు. "మా వైపు గుంటంటే ఆడపిల్ల, బాబూ. ఏటని అడిగితే చెప్పీవోణ్ణి కదా" అన్నారు. అనుమానితుణ్ణి అడగకూడదని మాకు నేర్పారు, నిజమే. కానీ ఉక్కు ప్లాంటు గేటు దగ్గర ఆ వైపువాళ్లలో ఎవరినడిగినా చెప్పేవారు.

పది రోజులకు ఇంకో సోర్సు పేరు పొక్కింది. అతనికి పారిపోయే వ్యవధి కూడా దొరకలేదు. అతని ఫైలు తెరిచింది నాయుడు గారి దగ్గర ఫైళ్లు తీసేసుకున్నాకే కాబట్టి ఆయన తప్పు లేదని తేలింది. మేం ఆయన్ని కాస్తున్నన్నాళ్లూ మిగతా ముగ్గురినీ ఎవరూ కాయలేదు. తివారీ గారు ఆ ముగ్గురిలో ఒకరు. తర్వాత దోషి దొరికాడన్నారు. ఎవరన్నది నాకు చెప్పలేదు. మా శాఖలో అవసరం లేనివాడికి చెప్పరు.

నా నివేదిక మీద ఆయనకు వచ్చిన బదిలీ ఉత్తర్వును మాత్రం రాయపూర్ వాళ్లు వెనక్కి తీసుకోలేదు. వెళ్లేముందు నాయుడు గారు నా నోటుబుక్కు తీసుకుని, తన ఊరి మాటలు పేజీ నిండా అర్థాలతో రాసిచ్చారు. "మళ్లీ మావోడెవడైనా దొరికితే పనికొస్తాయి" అన్నారు.

ఆ తర్వాత సర్వీసంతా విన్న మాటను విన్నట్టే తెలుగులో రాశాను. పక్క గడిలో అర్థంతోపాటు అది చెప్పినవాళ్ల పేరూ రాశాను. చెప్పేవాళ్లు దొరకనప్పుడు, పైవాళ్లు ఎంత తిట్టినా, ఆ గడి ఖాళీగా ఉంచాను.