గోడకు వేలాడనన్న జుబేదాబీ

కదిరి బస్టాండు వెనక సందులో అతావుల్లా చేసే పని, చనిపోయిన ఆడవాళ్లకు ముఖాలు గీయడం. ఒక్క ఫోటో అయినా దిగకుండా వెళ్లిపోయిన తల్లుల కోసం కొడుకులూ కూతుళ్లూ వస్తారు. "ముక్కెట్లుండేది? నవ్వితే బుగ్గ సొట్టపడేదా?" అని అడుగుతూ పెన్సిల్ కదిలిస్తాడు. అంత విద్య ఉండీ సొంత భార్య బొమ్మ మాత్రం గీయలేదు మహానుభావుడు. గీస్తానంటే జుబేదాబీ ఒప్పుకునేది కాదు. "గోడకు యాలాడేది నాకొద్దు" అనేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఆధార్ కార్డులో ఉన్న ఫోటో ఉత్త మసి. ఆ ముఖం రోజురోజుకూ మనసులోంచి జారిపోతోందని అతనికి భయం పట్టుకుంది.

ఈమధ్య ప్రసూన అనే ఆర్టు టీచరు, ఈ కాలపు బొమ్మల్లో ఆడమనిషి ఎలా కనిపిస్తోందో చూపిస్తానని అనంతపురంలో ప్రదర్శన పెట్టింది. అతావుల్లా ఈ నాలుగేళ్లలో గీసిన ఇరవై రెండు పటాలను ఊరూరా తిరిగి అడిగి తెచ్చి, వరుసగా తగిలించింది. పటాల సొంతదారులతో పాటు అతనూ వెళ్లాడు. గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి.

"అన్నా, ఈమె ఎవరు? అన్నిట్లో ఒకే మనిషి ఉండాది" అంది ప్రసూన మెల్లగా.

జుబేదాబీయే. రకరకాల చీరల్లో, కుంకుమబొట్లతో, కింది పెదవి కింద పుట్టుమచ్చతో సహా. ఎదుటివాళ్లు చెప్పిందే గీస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. వచ్చినవాళ్లకేమో అదేమీ కనబడలేదు. ఎవరి పటం ముందు వాళ్లు నిలబడి చేతులు జోడిస్తున్నారు.

"ఆ పుట్టుమచ్చ సంగతి నేను చెప్పనేలేదు కదన్నా. నీకెట్ల తెలిసె?" అంది కదిరమ్మ, తన తల్లి పటం చూస్తూ.

అతావుల్లా ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. భార్య ముఖం మళ్లీ దొరికిందన్న ఆశ పుట్టింది. "ఈ పటం నాకిచ్చెయ్ కదిరమ్మా. నీకు ఇంగోటి గీసిస్తా."

కదిరమ్మ పటాన్ని తీసి చంకలో పెట్టుకుంది. "మా యమ్మను నీకెట్ల ఇస్తానన్నా?"

మిగతావాళ్లూ అదే మాట అన్నారు. చేసేదేమీ లేక ఫోన్లో ఒక పటానికి ఫోటో తీసుకుని బస్సెక్కాడు. సీట్లో కూర్చుని తెరిచి చూస్తే, ముక్కూ మొహం తెలియని ముసలామె ఎవరో చూస్తోంది. పెదవి కింద పుట్టుమచ్చ ఉంది.

ఇంటికొచ్చి కాగితం పరిచాడు. "ముక్కెట్లుండేది?" అంది నోరు, అలవాటుకొద్దీ. చెప్పేవాళ్లు ఎదురుగా లేరు. పొద్దున అన్నిసార్లు చూసిన ముఖం ఒక్క గీతయినా గుర్తు రాలేదు. గోడకు వేలాడనన్న మనిషి ఈ ఒక్క ఇంట్లో మాట నిలబెట్టుకుందని అర్థమై, తెల్లకాగితం ముందు తల వంచుకుని ఏడ్చాడు.