కారవాన్ కిటికీ పరదా లేచిన మధ్యాహ్నం

దయ్యాల ముచ్చట ఎవరన్నా మొదలువెడితే నేను నవ్వి లేచిపోయేటోన్ని. నా పని అసొంటిది. కిటికీలకు పరదాలు, బ్లైండ్లు బిగిస్త. తాళాలు వేసిన ఇండ్లకు, ఎవ్వరూ ఉండని బంగ్లాలకు ఒక్కన్నే పోయి కొలతలు తీసుకోవాల్సి వస్తది. రాజేంద్రనగర్‌ల ఒక పాత ఇంటికి పోతే వాచ్‌మెన్ గడప దాటి లోపలికి రానన్నడు. రాత్రి పగలు ఏదో తిరుగుతదట. నేను అదే ఇంట్ల టిఫిన్ డబ్బా విప్పి అన్నం తిని, నడింట్ల గుడ్డ పరుచుకొని కునుకు తీసిన. ఒక పిల్లి వచ్చి పోయింది, అంతే.

గందుకే ఇప్పుడు రాసేది రాయాలంటే నాకే మొహమాటంగ ఉన్నది. అయినా జరిగింది జరిగినట్టు చెప్త.

ఇది తెలంగాణ రాకముందు సంగతి. కొత్త ఎయిర్‌పోర్టు మొదలై కొన్నేండ్లయింది. మాది శంషాబాద్ పక్కన ఊరు. బాపు ఉన్నన్ని రోజులు వ్యవసాయం చేసినం, ఆయన పోయినంక నేను ఈ పనిల పడ్డ. కుట్టేది నా భార్య అనసూయ, బిగించేది నేను. ఇంట్ల మాతోని అమ్మ ఉంటది.

ఎండాకాలంల ఒకరోజు రాంబాబు గారని ఒకాయన ఫోన్ చేసిండు. కోస్తా దిక్కు మనిషి, షూటింగులకు బండ్లు కిరాయికిస్తడు. కొత్తగా ఒక పాత కారవాన్ కొన్నడు. సినిమావాళ్లు మేకప్ వేసుకొని, పని లేనప్పుడు లోపల కూసునే బండి అది. చూడనీకి బస్సు లెక్కనే ఉంటది. లోపల అద్దాలు, సోఫా, వెనుక మంచం, చిన్న బాత్రూం.

"కిటికీ బ్లైండ్లు ఒక్కటీ సరిగా లేవండి. కర్టెన్ పట్టాలు వంగిపోయాయి, గొళ్లేలు ఊడిపోయాయి. త్వరలో షూటింగుకి పంపాలి. కాస్త మీరే చూసి పెట్టాలి" అన్నడు.

తుక్కుగూడ తొవ్వల ఆయనకొక ఖాళీ జాగ ఉండె. బండి అక్కడ పెట్టిండు. పక్కన ఒక వేపచెట్టు తప్ప నీడ లేదు. విమానాలు మా నెత్తి మీదికెల్లే దిగుతుండె. మొదటి రోజు అనసూయ ప్రతి విమానానికీ తల ఎత్తి చూసింది. రెండో రోజుకు అలవాటైంది.

పని ఎక్కువనే ఉండె. గుంజితే దిగి, వదిలితే పైకి చుట్టుకునే రోలర్ బ్లైండ్ల గుడ్డ ఎండకు పొడి పొడి అయింది. బ్రాకెట్లకు తుప్పు పట్టింది. గుడ్డ మార్చుకుంట, స్ప్రింగులకు నూనె వేసుకుంట ఒక్కొక్కటే సరిచేసినం. ఒక్క కిటికీ మాత్రం మమ్మల్ని సతాయించింది. మేకప్ అద్దం పక్కన, చెట్టు దిక్కు ఉన్న కిటికీ అది. బ్లైండ్ కిందికి గుంజి కొక్కెం తగిలిస్తం, కొద్దిసేపటికి చూస్తే పైకి చుట్టుకొని ఉంటది. టేపు వేసి అతికించిన. అన్నం తిని వచ్చేసరికి మళ్లీ పైకి పోయింది.

"ఇదేందయ్యా, ఎవరో బయటికి తొంగి చూస్తున్నట్టున్నది" అన్నది అనసూయ.

"స్ప్రింగు తిక్కది. తొంగి చూసుడేంది" అన్న.

నిజంగనే అట్ల అనుకున్న. అసొంటి స్ప్రింగు దొరకాలంటే సిటీల తిరగాలె, రాంబాబు గారికేమో తొందర. అందుకే స్ప్రింగు, రోలరు మొత్తం తీసి పక్కన పెట్టిన. కొత్త గుడ్డను పైన ఒక అల్యూమినియం పట్టీ, కింద ఒక పట్టీ పెట్టి, స్క్రూలు కొట్టి కిటికీకి బిగించేసిన. స్క్రూల తలల మీద సిలికాన్ గమ్ము పూసిన. ఇగ ఆ పరదా లేసుడు లేదు, దిగుడు లేదు. గోడ లెక్క అయింది. ఈ ముక్క యాది పెట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పేదంత దీని మీదనే ఉన్నది.

మూడో రోజు పొద్దున మేం బయల్దేరుతుంటే అమ్మ చెప్పులేసుకొని వాకిట్ల నిలబడ్డది.

"నేను గూడ వస్త."

"ఎండల నువ్వెందుకే?"

"హీరోయిన్లు పండే మంచమట గదరా. ఒక్కపారి నేను గూడ పండి చూస్త. నువ్వు తీసుకపోకుంటే నన్నెవడు తీసుకపోతడు?"

అనసూయ నవ్వింది. "రానీయవయ్యా, అత్తమ్మకు ఏసీ గాలి తగులుతది" అన్నది.

మధ్యాహ్నానికి పని దాదాపు అయిపోయింది. బాత్రూం ముంగట వేలాడేసే పచ్చ కర్టెన్‌కు కొక్కేలు కుట్టేది మిగిలింది. రాంబాబు గారు వచ్చిండు. ఏసీ ఎట్ల పనిచేస్తుందో చూద్దామని జనరేటర్ స్టార్ట్ చేసిండు. అది బండి వెనుక, అడుగున ఒక డబ్బాల ఉంటది. లోపల చల్లబడేసరికి అమ్మ సంబురం చూడాలె. మంచం మీద కాళ్లు చాపి, కొంగు ముఖం మీద కప్పుకొని పన్నది. అనసూయ మంచం పక్కన కింద కూసోని కుట్టుకుంటున్నది. చల్లగాలి పోవద్దని తలుపు దగ్గరికేసి నేను బయటికొచ్చిన.

చెట్టు కింద రాంబాబు గారు, నేను కూసున్నం. ఆయన ఫ్లాస్కులకెల్లి చాయ పోసిండు. ఆయన మొహం రోడ్డు దిక్కు, నా మొహం బండి దిక్కు. జనరేటర్ చప్పుడుకు మాట వినపడక ఇద్దరం గట్టిగనే మాట్లాడుకుంటున్నం.

అప్పుడు ఆ కిటికీ పరదా లేచింది.

స్ప్రింగు గుంజినట్టు చటుక్కున లేవలేదు. లోపల మనిషి చేతుల్తోని చుట్టుకుంట పోతే ఎట్ల లేస్తదో అట్ల, నిమ్మళంగ సగం దాక లేచింది. అద్దానికి ఒక ఆడమనిషి అరచెయ్యి ఆనింది. చూపుడు వేలికి పచ్చ గుడ్డ పేలిక చుట్టి ఉన్నది. ఆ చెయ్యి రమ్మన్నట్టు ఊగింది. మళ్లొకసారి ఊగింది.

నాకు భయం గాలేదు. నిజం చెప్పాలంటే చిరాకైంది. ఏదన్న కావాలంటే తలుపు తెరిచి పిలవొచ్చు గదా అనుకున్న.

"మా ఆమె పిలుస్తుంది" అని రాంబాబు గారికి చెప్పి, చాయ గ్లాసు కింద పెట్టి లేచిన.

బండి దగ్గరికి నడుస్తుంటే యాదికొచ్చింది, ఆ పరదాకు స్క్రూలు కొట్టిన గదా అని. అప్పుడు గూడ దయ్యం అనుకోలే. అనసూయ స్క్రూలు ఊడదీసిందేమో, నా పనంత ఖరాబు చేసిందేమో అని కోపమొచ్చింది. తిట్టాలనే తలుపు గుంజిన.

లోపల గాలి బరువుగ ఉన్నది. పొగ వాసన కొద్దిగనే వస్తున్నది. అనసూయ మంచానికి ఆనుకొని పక్కకు ఒరిగిపోయి ఉన్నది. పచ్చ కర్టెన్ ఒళ్లనే ఉన్నది. అమ్మ మీద కొంగు అట్లనే ఉన్నది, పిలిస్తే పలకలే.

"రాంబాబు గారూ, జనరేటర్ బంద్ చెయ్యండి!" అని ఒర్లిన.

అనసూయ చంకల కింద చేతులేసి బయటికి గుంజుకొచ్చి చెట్టు కింద పండబెట్టిన. ఉరికిపోయి అమ్మను ఎత్తుకున్న. అమ్మ అంత తేలికగ ఉంటదని అప్పటిదాక నాకు తెల్వదు. నాకే తల తిరిగి మెట్టు మీద కాలు జారింది, రాంబాబు గారు పట్టుకున్నడు. 

"నా కార్లో పడుకోబెట్టండి, పదండి పదండి" అంటనే ఉన్నడు.

తొవ్వల అనసూయ వాంతి చేసుకున్నది. ఆ వాంతి చూసి నేను దేవునికి దండం పెట్టిన. ఆమె కదులుతున్నది గదా. శంషాబాద్‌ల దవాఖానకు చేరంగనే ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టిన్రు. డాక్టరు చెప్పిండు, జనరేటర్ పొగల ఒక విషపు గాలి ఉంటదట. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి నిద్రొచ్చినట్టే ఉంటదట, అట్లనే పోతరట. ఇంకొంచెం సేపు లోపల ఉంటే తన చేతుల్ల ఏమీ ఉండకపోవునని అన్నడు.

పొద్దుగూకేలోపల అమ్మ కండ్లు తెరిచింది. మూతి మీది మాస్కు పక్కకు జరిపి, "అరేయ్, నా చెప్పులేవిరా?" అన్నది. నేను ఆ చెప్పుల కోసమే ఏడ్చినట్టు అక్కడ కూసోని ఏడ్చిన. నర్సు వచ్చి మాస్కు సరిచేసి అమ్మను గదమాయించింది. అమ్మ ఆమెను తిట్టింది. ఆ తిట్లు నా చెవులకు ఎంత కమ్మగ ఉండెనో చెప్పలేను.

మర్నాడు నేను, రాంబాబు గారు బండి దగ్గరికి పోయినం. జనరేటర్ సైలెన్సర్ పైపు తుప్పు పట్టి చిల్లు పడ్డది. పొగ సక్కగ మంచం కింది నుంచి లోపలికి వస్తున్నది. అది దొరికింది, అర్థమైంది.

కిటికీ సంగతే అర్థం గాలే. పరదా కిందికే ఉన్నది. రెండు పట్టీలూ నేను బిగించినట్టే ఉన్నయి. స్క్రూల మీద సిలికాన్ ఎండిపోయి ఉన్నది, గోరు గీత గూడ లేదు. గుడ్డ మడత పడలే, చిరగలే. వేలుతోని గుంజి చూసిన, కదల్లేదు.

రాంబాబు గారు గూడ ఆ పట్టీని గుంజి చూసిండు. "ఎండలో కూర్చున్నాం కదండీ. కళ్లు భ్రమించాయేమో" అన్నడు. మళ్లీ ఆయనే, "కానీ మా ఆమె పిలుస్తుంది అని మీరు లేచారు. అది నేను నా చెవులతో విన్నాను" అన్నడు.

ఆ బండి ఇదివరకు నడిపిన డ్రైవర్ నంబరు తీసుకొని నేనే ఫోన్ చేసిన. అందుల ఎవరన్న చనిపోయిన్రా అని అడిగిన. ఆయన నవ్విండు. "గట్లాంటిదేం లేదన్నా, ఎవ్వరూ చావలే. ఏసీ సరిగ రాక మేం తిట్లు తిన్నం గని" అన్నడు. ఒకరు చనిపోయిన్రని చెప్పి ఉంటే, అబద్ధమో నిజమో, నాకు ఒక జవాబు దొరికేది. అది గూడ దొరకలే.

ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. ఊరికే భయపడతరని ఆగిన. అమ్మ, అనసూయ ఇంటికొచ్చినంక కొన్ని రోజులకు, ఒక సాయంత్రం అమ్మ పక్కింటికి పోయింది. అనసూయ బియ్యం ఏరుకుంట తనంతట తనే మొదలువెట్టింది.

"ఆరోజు నువ్వు బయటికి పోయినంక సూది వేలుల దిగిందయ్యా. కర్టెన్ అంచు ముక్క చింపి కట్టుకున్న. కొద్దిసేపటికి ఒళ్లంత బరువైంది. అత్తమ్మను పిలుస్త, నోరు రాదు. నువ్వు చెట్టు కింద ఉన్నవని తెలుసు. ఆ కిటికీ పరదా లేపి నీకు చెయ్యి ఊపుదామనుకున్న. స్క్రూలున్నయన్న సోయి గూడ లేదు. లేవనీకి చూస్తే కాళ్లు రాలే, చెయ్యి గూడ లేవలే. మనసుల మాత్రం పరదా లేపుతున్న, లేపుతున్న, నిన్ను పిలుస్తున్న అనుకుంటనే ఉన్న. తర్వాత ఏం తెల్వదు."

బియ్యం చాటల ఆమె చెయ్యి ఆడుతున్నది.  అప్పుడు చెప్పిన, నేను చూసిందంత. అద్దానికి ఆనిన చెయ్యి, వేలికి పచ్చ పేలిక, రెండుసార్లు రమ్మనుడు.

ఆమె భయపడతదనుకున్న. భయపడలే. 

అప్పటికే అమ్మ వాకిట్లకు వచ్చింది, అంత విన్నది. ఏమంటదో అనుకున్న. అనసూయ పక్కన కూసోని, ఆమె కుడిచెయ్యి తన రెండు చేతులల్ల పట్టుకున్నది. "సల్లగుండు బిడ్డా" అన్నది. 

ఆ తర్వాత ఎందరికో చెప్పిన. చదువుకున్నోళ్లు కండ్ల భ్రమ అంటరు. కావొచ్చు. విషపు గాలి పీల్చినోళ్లకు ఏవేవో కనపడతయని డాక్టరు గూడ అన్నడు. కాని నేను పీల్చింది చెట్టు కింది గాలి. నేను బయటికొచ్చేటప్పుడు ఆమె వేలికి పేలిక లేదు. పరదా లేవలేదు, అయినా లేచింది చూసి నేను లేచిన. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. 

అనసూయకు చెప్పిన ఆ సాయంత్రం నేను ఆలోచించుకుంట అట్లనే కూసుంటే అనసూయ లేచి చాట పక్కన పెట్టింది.

"పిలిస్తే వచ్చినవు గదా. ఇగ లే, కాళ్లు కడుక్కో, అన్నం పెడత" అన్నది.