పదకొండు పేర్లు, పన్నెండు మంది

పోయిన ఆదివారం మధ్యాహ్నం చింతపండులో పిక్కలు తీసుకుంటూ కూర్చున్నాను. మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. బందరులో డిగ్రీ చదువుతోంది, కాలేజీలో ఇంటిపేర్ల మీద ఏదో రాసుకురమ్మన్నారట. స్పెయిను అనే దేశంలో ఒక పక్క, సముద్రం ఒడ్డున, కాటలాన్ అనే భాష మాట్లాడే జనం ఉన్నారట. వాళ్ళలో ఒకే ఇంటిపేరున్న పేరుమోసినవాళ్ళందరినీ ఒక పేజీలో వరసగా రాసి ఉంటే అది నాకు చదివి వినిపించింది. ఒకాయన బంతాట ఆడేవాడు, ఒకావిడ బొమ్మలు వేసేది, ఇంకొకాయన చుక్కల సంగతి తేల్చిన పండితుడు. ఒకరికొకరు చుట్టాలేం కారట. అందులో ఇద్దరికైతే ఇంటిపేరుతో పాటు సొంత పేరు కూడా ఒకటే. అయినా ఒకరిని చూసి ఇంకొకరనుకోకుండా ప్రతి పేరు పక్కనా ఆ మనిషి ఏం పని చేసిందీ, ఏ యేడు పుట్టిందీ రాసి పెట్టారు.

అది విని నేను చేతిలో చింతపండు పళ్ళెంలో పెట్టేసి, ఆ రాసినాయన ఎవరోగాని చల్లగా ఉండాలి అన్నాను. ఎందుకని అడిగింది మనవరాలు. దానికి సగమే చెప్పాను, మిగతా సగం నా ఈడువాళ్ళకైతే తెలుస్తుందని ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే మనవరాలే దిద్దుతుంది, దిద్దనంటే సాయంత్రం దానికి కాఫీ లేదు.

మాది మంగినపూడి దగ్గర పాలెం. వేటకు వెళ్ళే ఇళ్ళు అన్నీ కలిపి నూరు లోపే, వాటిలో ముప్పాతిక ఇళ్ళకు ఒకటే ఇంటిపేరు. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే సగం ఊరు వచ్చి నన్నే అన్నావా అని అడుగుతుంది. ఇంటిపేరు ఒకటే అయినా ఇబ్బంది లేకపోను. కాని మాలో ప్రతి ఇంట్లో పెద్దకొడుకుకు తాత పేరు పెట్టాలి. మా మామగారు వాళ్ళు నలుగురు అన్నదమ్ములు, నలుగురి పెద్దకొడుకులకూ ఆ ఒక్క తాత పేరే. పైగా ఆ పేరు మా అత్తగారికి మామగారి పేరు, నోటితో పలకకూడదు. నాకేమో మొగుడి పేరు, అదీ పలకకూడదు. ఇంట్లో ఆడవాళ్ళెవరూ పలకని పేరు పెట్టుకుని ఆ నలుగురూ పెరిగారు. మరి పిలవాలి కదా, అందుకని ఒక్కొక్కరికి ఒక్కొక్క పిలుపు వచ్చింది. మా ఆయన పొద్దస్తమానం చెవి దగ్గర ట్రాన్సిస్టరు పెట్టుకుని తిరుగుతాడని రేడియో. ఆయన పెదనాన్న కొడుకు చిన్నప్పుడు ఉట్టిమీద బెల్లం దొంగిలించి దొరికాడని బెల్లం. ముసలాడయ్యేవరకు ఆయన బెల్లమే. అసలు పేర్లు రేషను కార్డులోనే ఉండేవి.

బెల్లం భార్య నాకు తోడికోడలు వరస, నాకన్నా ఆరేడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అలా పిలవడం మానేసి రెండేళ్ళయింది. ఇళ్ళ మధ్య ఇసకలో చేపలు ఆరబెట్టుకునే చోటు దగ్గర తగువు. నా చేపలు ఎండి గంపకెత్తితే నేను రైలెక్కి గుడివాడ సంతకు పోవాలి, తనేమో నీడ నా వైపు పడేలా దడి కట్టింది. నేను దడి పీకించాను. అప్పట్నుంచీ తను నాతో అనాల్సినవన్నీ తన కోడిపెట్టతో అనేది. "ఏమే, ఎండ కూడా వాళ్ళ సొమ్మే అంటారే, అటు పోకు" అని. నేను తక్కువ తిన్నానా, నేను మా పిల్లితో జవాబు చెప్పేదాన్ని.

తొంభైల్లో ఒక కార్తీకమాసం. మా ఆయన ఒక మరబోటు మీద, బెల్లం ఇంకొక మరబోటు మీద గిలకలదిండి రేవు నుంచి వేటకు వెళ్ళారు. బోటుకు ఆరుగురు, మొత్తం పన్నెండు మందీ మా పాలెంవాళ్ళే. వాళ్ళు వెళ్ళిన మూడోనాటికి వాయుగుండం పట్టింది. మిగతా బోట్లు తిరిగొచ్చాయి, ఈ రెండూ రాలేదు. తుఫాను మన వైపు తీవ్రంగా రాలేదు, దక్షిణానికి వాలిపోయింది, అయినా సముద్రం మాత్రం రెండు రోజులు మనిషిని దగ్గరకు రానివ్వలేదు. సముద్రం మీద ఉన్నవాళ్ళ పేర్లు రాయించుకోమని బందరులో ఒక బల్ల వేశారు. పొద్దున్నే నేను వెళ్ళాను. మొగుడి పేరు నేను చెప్పను గనక మా మరిది చెప్పాడు. గుమాస్తా కాగితంలో ఊరు, ఇంటిపేరు, పేరు, అంతే గడులు, తండ్రి పేరుకు గడి లేదు. మరిది అలవాటు కొద్దీ రేడియో అని అనబోతే, కార్డులో ఉన్నదే చెప్పవయ్యా అని గుమాస్తా కసిరాడు. మధ్యాహ్నం నా తోడికోడలు బంటుమిల్లి నుంచి వచ్చిన తన అన్నను తీసుకుని వెళ్ళింది. అతను పేరు చెబితే గుమాస్తా కాగితం చూసి, ఇది రాసేశామమ్మా, వెళ్ళు అన్నాడట. రాసేశామన్నాక ఇంకేం కావాలి, తను తృప్తిగా తిరిగొచ్చింది. ఒక మనిషిని రెండుసార్లు రాయించుకోవడానికి వచ్చారనుకున్నాడు ఆయన. ఇద్దరు మనుషులు ఒక గడిలో కూర్చున్నారని ఆ రోజు ఎవరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం వైర్‌లెస్సులో కబురు వచ్చింది. దివిసీమ లంకల దగ్గర మావాళ్ళు కొట్టుకొచ్చారని, నాగాయలంక చేర్చారని, క్షేమంగా ఉన్నారని, పేర్లతో సహా. పాలెమంతా బందరుకు పరిగెత్తాం. గుమాస్తా కుర్చీ ఎక్కి పేర్లు చదువుతుంటే ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఇల్లు ఏడుస్తూ నవ్వుతోంది. మా ఆయన పేరు చదివాడు. నా గుండెల మీద నుంచి తిరగలి దింపినట్టయింది, గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టి కళ్ళు తెరిచేసరికి నాకెదురుగా నా తోడికోడలు కూడా చేతులు జోడించి ఉంది. ఒక్క పేరుకు ఇద్దరం మొక్కాం. తను నన్ను చూసింది, నేను తనను చూశాను, ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. గుమాస్తా మాత్రం పదకొండుకు పదకొండు, లెక్క సరిపోయిందని కుర్చీ దిగాడు. మా మరిది గట్టిగా, "మావాళ్ళు పన్నెండుగురు వెళ్ళారండీ!" అన్నాడు.

మళ్ళీ చదివించాం. మా ఆయన బోటులో మిగతా అయిదుగురూ ఉన్నారు, బెల్లం బోటులో మిగతా అయిదుగురూ ఉన్నారు, ఈ పేరు మాత్రం ఒక్కసారే ఉంది. అంటే ఇద్దరిలో ఒకరు లేరు. ఎవరు లేరో ఆ కాగితం చెప్పదు. మళ్ళీ అడుగుదామంటే అటువైపు వైర్‌లెస్సు పలకలేదు. తీగలు తెగి ఫోన్లు లేవు, అటువైపు రోడ్డు మీద చెట్లు పడి బస్సులు లేవు, రేపు మధ్యాహ్నానికి వాళ్ళనే తీసుకొస్తారు అన్నారు.

ఇప్పుడు చెప్పేది మనవరాలికి చెప్పని సగం. ఆ జనంలో నేను గుమాస్తా దగ్గరకు వెళ్ళి, అందరూ వింటుండగా, "ముందు రాయించింది నేనండీ" అన్నాను. కిరోసిను వరసలో నిలబడ్డట్టు అన్నాను. ముందు రాయించినవాళ్ళ మొగుడే బతికుండాలన్నట్టు. ఆయన తెల్లబోయి చూశాడు. నా తోడికోడలు ఏమీ అనలేదు. కోడితో కూడా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నన్ను నేను చాలా ఏళ్ళు క్షమించుకోలేదు, ఇప్పుడు మీ ముందు చెప్పుకుంటే కాస్త తేలికగా ఉంది.

మర్నాడు పొద్దున లేచి పొయ్యి వెలిగించాను. ఎసరు పెట్టాక చెయ్యి ఆగింది. మా ఇద్దరి మగవాళ్ళలో ఒకరికి వండాలా, ఇద్దరికి వండాలా? నేను గింజ వృథా చేసే మనిషిని కాను, ఊళ్ళో అందరూ అనేదే. ఇద్దరికి వండితే ఒకరిది మిగులుతుందని చేతికి తెలుసు, మనసు ఒప్పుకోదు. చివరికి ఒకరికే వండి, చేపల పులుసు చేసి కేరేజీలో సర్దాను. బందరు బస్సెక్కితే అదే బస్సులో ఆడవాళ్ళ సీటులో తను ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను, ఇంకెక్కడా చోటు లేక కాదు. తన చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏమీ వండుకోలేదు. చిలకలపూడి దాటాక కేరేజీ వైపు చూసి, "అక్కా, ఎవరు దిగినా ముందు అన్నం పెట్టు. మనం తర్వాత ఏడుద్దాం" అంది. రెండేళ్ళ తర్వాత అక్కా అన్న మొదటి పిలుపు అదే. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

బస్టాండులో ఎండ కాస్తోంది. అవనిగడ్డ వైపు నుంచి రావలసిన బస్సు ఒంటిగంట దాటాక వచ్చింది. తలుపు దగ్గర జనం మూగారు. ఒక్కొక్కరే దిగుతున్నారు, బోటు నడిపే సరంగు దిగాడు, అతని తమ్ముడు దిగాడు, నాలుగోవాడో అయిదోవాడో బెల్లం దిగాడు. అంటే లేనివాడు మా ఆయనే. నా తోడికోడలు పరిగెత్తబోయి ఆగింది. ఎదురుగా మొగుడు నిలబడి ఉంటే ఆ మనిషి వైపు వెళ్ళకుండా వెనక్కి తిరిగి నన్ను పట్టుకుంది. అది చాలు నాకు, ఆ తర్వాత జన్మంతా దానితో తగువు పెట్టుకోలేకపోయాను. పెట్టుకున్నానులెండి, కాని అవి తగువులు కావు.

పదకొండో మనిషి కూడా దిగేశాడు. బస్సు ఖాళీ అయిందనుకున్నాను. అప్పుడు లోపల సీటు కిందకు వంగి ఏదో వెతుక్కుంటున్న వీపు ఒకటి కనబడింది. నేను కుట్టిన చొక్కా, భుజం దగ్గర నేను వేసిన మాసిక. పేరు పెట్టి పిలవకూడదు, ఏమయ్యా అంటే ఆ రొదలో వినబడదు, నాకు తెలియకుండానే "రేడియో!" అని కేక వేశాను. బస్టాండులో జనమంతా తిరిగి చూశారు. ఆయన ఉప్పునీళ్ళు తాగి మూగపోయిన ట్రాన్సిస్టరును గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని తాపీగా దిగాడు.

"ఇంతసేపా దిగడానికి?"

"సీటు కిందకి జారిపోయిందే, తీసుకోవద్దా?"

జరిగింది అప్పుడు తెలిసింది. మా ఆయన బోటు ఇంజను ఆగిపోతే బెల్లం బోటువాళ్ళు వీళ్ళను తమ బోటులోకి ఎక్కించుకున్నారు. పన్నెండుగురూ కలిసి లంకకు కొట్టుకొచ్చారు. నాగాయలంకలో పేర్లు రాసుకునే ఆయన వరసగా అడుగుతుంటే బెల్లం తన పేరు చెప్పాడు, పక్కనే ఉన్న మా ఆయనా అదే పేరు చెప్పాడు. చెప్పారుగా అన్నాడట రాసేవాడు, అలసటలో ఒకరే రెండుసార్లు పలికారనుకుని. ఈయనేమో సరే అన్నాడట.

"సరే అన్నావా? సరే ఏంటి?"

"అవతల టీ పోస్తున్నారే. రాయకపోతే టీ ఇవ్వనన్నాడా ఏంటి."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బందరులో ఒక గుమాస్తా, నాగాయలంకలో ఒక గుమాస్తా, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే తప్పు చేశారు, ఆ రెండు తప్పులూ కలిసి లెక్క సరిపెట్టాయి. మేం ఇద్దరం ఆడవాళ్ళం ఒక పగలూ ఒక రాత్రీ ఒకరి మొగుడి చావు ఒకరం కోరుకోకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డాం. కోప్పడుతూనే కేరేజీ విప్పాను. ఒకరికి వండిన అన్నం ఇద్దరు మగవాళ్ళు బస్టాండు బల్ల మీద కూర్చుని ఒకే గిన్నెలో తిన్నారు. చాలలేదు. జీవితంలో మొదటిసారి, వండింది చాలనందుకు నాకు సంతోషం వేసింది.

నా తోడికోడలు ఆ మాట మరిచిపోలేదు. రేషను షాపు దగ్గరైనా, పంపు దగ్గరైనా, గుళ్ళో ప్రసాదం దగ్గరైనా నన్ను ముందుకు తోసి, "నువ్వు పద అక్కా, ముందు రాయించింది నువ్వే కదా" అనేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు, నేను సిగ్గుపడి నవ్వేదాన్ని. అలా నవ్వుతూ అనడం దాని గొప్పతనం.

ఇప్పుడు బోటుకొక జాడ చెప్పే యంత్రం, మనిషికొక ఫోను, ఫొటో ఉన్న కార్డు. ఎవరు ఎక్కడున్నారో ఒడ్డున కూర్చుని చెప్పేస్తున్నారు, మంచిదే, ఇప్పటి కోడళ్ళకు నా అవస్థ లేదని గుండె నిండా ఊపిరి తీసుకుంటాను. తాత పేరు పెట్టడమూ పోయింది. పిల్లలకు ఎవరికీ లేని పేరు కావాలని ఫోనులో వెతికి పెడుతున్నారు, ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు మిగిలింది. అప్పట్లో ఒడ్డున నిలబడి ఎవరైనా ఆ పేరు కేక వేస్తే నలుగురు తిరిగి చూసేవాళ్ళు, నలుగురూ ఓయ్ అనేవాళ్ళు. ఆ పేరుతో ఇప్పుడు మా పాలెంలో ఒక్కరూ లేరు. మా ఆయన ఇంట్లో మంచం మీదే వెళ్ళిపోయాడు, మరుసటేడు బెల్లమూ అలాగే.

నేను చెప్పిన సగం కథ మనవరాలికి నచ్చింది. మన ఇంటిపేరుతో కూడా అలాంటి పేజీ ఒకటి రాస్తాను, పేరుమోసినవాళ్ళు ఎవరున్నారో చెప్పమంది. నేను చెబుతూ పోయాను. వల అల్లడంలో చెయ్యి తిరిగినాయన, నీటి రంగు చూసి చేప చెప్పే సరంగు, పురుళ్ళు పోసిన మా అత్తగారు, కోడిపెట్టతో తగువాడిన నా తోడికోడలు. పక్కన చేసిన పని రాయమన్నాను, ఒకరిని ఇంకొకరనుకోకుండా. చివరికి ఆ ఒకే పేరువాళ్ళు ఇద్దరూ మిగిలారు. వీళ్ళ పక్కన ఏం రాయను నాయనమ్మా, ఇద్దరూ వేటకే వెళ్ళారు కదా అంది.

రెండు వరసల్లో వేరువేరుగా రాయమన్నాను. ఇద్దరి పక్కనా ఒకే మాట రాయించాను: తిరిగొచ్చాడు.