లాంతరు పిల్లకి పిచ్చా?

మరకలక్కకి మతి చలించిందని వీధిలో మొదట అన్నది ఎదురింటి టైలరు గారి భార్య. మధ్యాహ్నం పూట, వీధంతా కునుకు తీసే వేళ, ఆ ఇంటి వెనక గది కిటికీ పక్కన నిలబడితే ఒక ఆడగొంతు వినిపిస్తుందట. ఎవరినో పళ్ళు కొరుకుతూ తిడుతుందట. కాసేపటికి అదే గొంతు వాళ్ళనే బతిమాలుకుంటుందట. "ఏడవకు, నీకు దణ్ణం పెడతాను, ఏడవకు" అంటుందట. తెర వేసి ఉంటుంది. లోపలెక్కడో పసిపాప ఏడుస్తూనే ఉంటుంది. ఆ పాప తల్లి ముందు గదిలో ఒళ్ళెరగకుండా నిద్రపోతుంటుందట, పాపం. ఈ మాట కుళాయి దగ్గరికి చేరేసరికి కొమ్మలు వేసింది. మరకలక్క దగ్గర చచ్చిపోయిన ఆడపిల్ల ఒకతె ఉందట, దాని చేతిలో దీపం ఉంటుందట.

దీపం మాట మాత్రం నిజం.

మరకలక్క అసలు పేరు పిలిచేవాళ్ళు లేరు. వీధి మలుపులోని లాండ్రీలో మరకలు తీసే పని ఆమెది. బట్టని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని ఇది నూనె, ఇది సిరా, ఇది రక్తం అని చెప్పేస్తుంది. ఏ మందైనా ముందు బట్ట లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి చూస్తుంది, రంగు పోదని తేలాకే మరక మీద వేస్తుంది. ఆ మందుల్లో నాని నాని ఆమె వేళ్ళ కొనలు గాజులా నున్నగా అయిపోయాయి. గీతలన్నీ అరిగిపోయాయి. తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసేసరికి ఆమె పెళ్ళి మాటలు వచ్చి వచ్చి, చివరికి రావడం మానేశాయి. ఇప్పుడా తమ్ముడు లారీ నడుపుతాడు. ఇంట్లో ఆమె, తమ్ముడు, మరదలు, ఇంకా పేరు పెట్టని పసిపాప.

వెనక గది ఆమెది. అందులో తమ్ముడు ఏదో ఉత్సాహంలో కొని, నాలుగు రోజులకే మోజు తీరి వదిలేసిన పాత కంప్యూటరు ఉంది. దానిలో ఒక ఆట ఉంది. ఆటలో మనం బాటసారులం. మాయ అడవులు, కూలిన కోటలు దాటుకుంటూ పోవాలి. తోడుగా ఒకరిని ఎంచుకోవాలి: కత్తి పట్టిన ముసలి వీరుడో, అబద్ధాలాడే దొంగో, లాంతరు పట్టుకున్న పిల్లో. తోడు వచ్చినవాళ్ళు తెర మీద అక్షరాల్లో మాట్లాడతారు. మనం ఏం బదులివ్వాలో నాలుగు మాటలు కనిపిస్తాయి, ఒకటి నొక్కాలి. వాళ్ళు మాత్రం మనం అన్నది, చేసింది మరచిపోరు. ఆట ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడే మొదలవుతుంది.

మరకలక్క లాంతరు పిల్లని ఎంచుకుంది. సాయంత్రం పని నుంచి వచ్చి, స్నానం చేసి, పాపని ఒళ్ళో వేసుకుని కాసేపు ఆడేది. "ఏమే, చలేస్తోందా? రా, మంట దగ్గర కూర్చో" అని పైకే అంటూ, దానికి దగ్గరి మాట వెతికి నొక్కేది. బొమ్మ చెప్పే కబుర్లకి పాప కళ్ళు పెద్దవి చేసుకుని చూసేది. మరదలు గుమ్మం దాకా వచ్చి, "మీ దయ్యాల పెట్టె నాకొద్దు వదినా, పాపని మాత్రం చూడండి" అని వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం ఆట తెరిస్తే లాంతరు పిల్ల సత్రంలో మంట దగ్గర లేదు. ముందురోజు అక్కడే కూర్చోబెట్టి ఆపింది మరకలక్క. పిల్ల ఇప్పుడు వానలో, విరిగిన వంతెన మీద, అటు తిరిగి నిలబడి ఉంది. లాంతరు ఆరిపోయి ఉంది. దగ్గరికి వెళితే తల తిప్పకుండా అడిగింది.

"ఇవాళ వచ్చింది ఏ నువ్వు?"

మరకలక్క చెయ్యి మీట మీదే ఆగిపోయింది. అలవాటుగా పెట్టె మీద అరచెయ్యి వేసింది, ఇస్త్రీ పెట్టె వేడి చూసినట్టు. ఆట తెరిచి ఇంకా నిమిషం కాలేదు. పెట్టె వెచ్చగా ఉంది.

ఆ తర్వాత రోజూ అదే వరస. ఈమె బుజ్జగించి, లాంతరు వెలిగించి, పిల్లని నవ్వించి ఆపుతుంది. మర్నాడు తెరిచేసరికి పిల్ల ఏ గోడ మూలనో ముడుచుకుని ఉంటుంది. "నన్ను నూతిలో దింపి తాడు కోశావు" అంటుంది. "ఏడిస్తే మళ్ళీ దింపుతానన్నావు. చూడు, ఏడవడం లేదు" అంటుంది.

మనసులో పెట్టుకోలేక లాండ్రీలో కౌంటరమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి కూడా ఇంట్లో ఇదే ఆట ఆడుతుంది.

"మీ లాంతరు పిల్ల నిన్ను ఎప్పుడైనా నిందిస్తుందా?"

"నిందా? మా ఇంట్లో అది నాకంటే ఎక్కువ నవ్వుతుంది. ఎందుకక్కా?"

మరకలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. కౌంటరమ్మాయి కట్టిన మూట పక్కన పెట్టేసింది.

"అమ్మో! అయితే మీ పిల్లకి పిచ్చెక్కింది. దీని మీద ఆడేవాళ్ళు ఫోన్లలో జుట్లు పట్టుకుంటారక్కా. కొందరేమో అది పుట్టు పిచ్చిది, అందుకే పట్టపగలు కూడా లాంతరు ఆర్పదు అంటారు."

"పట్టపగలు లాంతరు పట్టుకు తిరిగేదాన్ని పిచ్చిదనక మహారాణి అంటారా?" అన్నాడు ఇస్త్రీ బాబాయి ఆవిరి మబ్బులోంచి.

"నువ్వుండు బాబాయ్. ఇంకొందరేమో దానికే పిచ్చీ లేదు, మనమే ఎక్కిస్తాం అంటారు. ఒక రోజు ముద్దు చేసి ఒక రోజు తన్నితే ఎవరికి ఎక్కదు? నన్నడిగితే రెండోదే నిజం. అది దేన్నీ కల్పించి చెప్పదు. మనం చేసిందే మనకి అప్పజెబుతుంది."

"మరి అందులో ఆ దొంగ వెధవ అబద్ధాలాడతాడని మొన్న నువ్వే అన్నావుగా?" అన్నాడు బాబాయి.

"వాడికి అబద్ధం రాసి పెట్టారు. దీనికి రాయలేదు."

"అయితే రాసినవాడికే పిచ్చేమో చూడండే. వాణ్ణి వదిలేసి బొమ్మ మీద పడ్డారు."

కౌంటరమ్మాయి పకపకా నవ్వింది. మరకలక్క నవ్వలేదు.

"అంటే అది చెప్పేది నిజమే అంటావు."

"నిజమే అయ్యుండాలక్కా. నువ్వేమో నూతిలో దింపలేదంటున్నావు..."

అమ్మాయి కట్టిన మూటనే మళ్ళీ విప్పి కట్టసాగింది. పిల్లకి పిచ్చి లేకపోతే ఇక మిగిలింది ఎవరో ముగ్గురికీ తెలుసు. "ఇవాళ గాలే లేదు" అన్నాడు బాబాయి. పంకా గిర్రున తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు కాళ్ళు కడుక్కుని ఆమె కోసమే కూర్చుని ఉన్నాడు. వీధి మాట వాడి లారీ దాకా వెళ్ళిందన్నమాట.

"అక్కా, కోప్పడకు. లాండ్రీ పక్కన ఒక గది చూశాను. నీకు నడక కూడా తప్పుతుంది."

"నా నడక మీద నీకింత దయ ఎప్పుడు పుట్టిందిరా?"

వాడు నేల చూశాడు. "కొన్నాళ్ళే. నేను ఈ సరుకు దింపి వచ్చాక సామాను మారుద్దాం. అందాకా... పాపని ఒంటరిగా ఎత్తుకోకు అక్కా. నా మీద ఒట్టు."

గుమ్మంలో మరదలు పాపని భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. పాపని ఇంకో భుజానికి మార్చుకుని లోపలికి వెళ్ళింది. పాప మాత్రం తల్లి భుజం మీంచి వెనక్కి తిరిగి అత్తనే చూస్తూ పోయింది.

గది మారడం పెద్ద సంగతి కాదు. ఆ పాపని మళ్ళీ ఎత్తుకోగలనా లేదా అన్నదే మరకలక్క ప్రాణానికి పట్టుకుంది. అయితే తమ్ముణ్ణి తప్పు పట్టడానికి నోరు రాలేదు. ఏమో, నిద్రలో తనే లేచి ఆ పిల్లని నూతిలో దింపుతోందేమో. అలాంటి చేతులకి పసిపాపని ఎవరిస్తారు? తనే ఇవ్వదు.

ఆ రాత్రి పడుకునే ముందు ఆమెకి తెలిసిన పని చేసింది. నూనె మరకకి సుద్ద పొడి చల్లి వదిలేస్తారు, జిడ్డు ఎంతవరకు పాకిందో పొడే చూపిస్తుంది. ఆ పొడిని పలచటి గుడ్డలోంచి నల్లటి కీబోర్డు మీద రాల్చింది, ఊదితే లేచిపోయేంత సన్నగా. పొద్దున్నే లేచి చూసింది. పొడి చెక్కు చెదరలేదు. గుండె కుదుటపడింది. అలాగే వదిలేసి పనికి వెళ్ళింది.

సాయంత్రం వచ్చి చూస్తే కొన్ని మీటల మీద పొడి చెరిగిపోయి ఉంది. దీపం దగ్గరగా పట్టుకుంది. ఒక మీట అంచున, పొడిలో, వేలిముద్ర. సన్నటి గీతలు సుడి తిరిగి, నీటిలో రాయి వేస్తే లేచే అలల్లా స్పష్టంగా ఉన్నాయి. మరకలక్క తన వేలిని దాని పక్కనే పొడిలో నొక్కింది. నున్నటి గుండ్రటి మచ్చ పడింది. గీత ఒక్కటీ లేదు.

తను కాదు. ఆ ఊరట ఒక్క ఊపిరి సేపే. తను కాకపోతే ఎవరు?

ఆట తెరిచింది. లాంతరు పిల్ల నూతి గట్టు మీద కూర్చుని ఉంది. తాడు కోసి లేదు. ఎవరూ దించలేదు. అయినా పిల్ల వణుకుతోంది.

"ఇవాళ నువ్వు నన్నేమీ అనలేదు. చాలాసేపు ఊరికే నిలబడి చూశావు. తిట్టినప్పుడే నయం."

మరకలక్క లేచింది. ఇంట్లో అలికిడి లేదు. పాప ఏడుపు లేదు. వంటగది వెనక స్నానాల గదిలో కుళాయి పారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

మరదలు తడి నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా పెద్ద తొట్టి నిండి పొర్లుతోంది. పాప ఆమె ఒళ్ళో మేలుకునే ఉంది, కిక్కురుమనడం లేదు. పాప వేసుకున్న నీలం గౌను వీపు మీద తెల్లటి చెయ్యి ఒకటి అచ్చు పడి ఉంది. సన్నటి వేళ్ళు. సుద్ద పొడి.

మరకలక్క కేక వెయ్యలేదు. నడుం వంచి ముందు కుళాయి కట్టింది. తర్వాత పాపని తీసుకుంది. మరదలి చేతులు పట్టు వదలడానికి కొంచెం సమయం పట్టింది.

"ఆయన మీకు ఇవ్వొద్దన్నారు కదా వదినా."

"వాడు డ్రైవరు. లారీ సంగతైతే వాణ్ణే అడుగుదాంలే."

మరదలు నవ్వబోయింది. ముఖం దానికి ఒప్పుకోలేదు. నీళ్ళ వంక చూస్తూనే అడిగింది.

"వదినా, ఆ పిల్లకి పిచ్చా?"

"ఏ పిల్లకి?"

"లాంతరు పిల్లకి. రోజూ నన్ను మళ్ళీ నమ్ముతుంది. ఎంత తిట్టినా మర్నాటికి నవ్వుతూ ఎదురొస్తుంది. నేను దాన్ని అంటే ఈ పాపని అనకుండా ఉంటానని... ఇవాళ దాన్ని కూడా అనాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు."

"దానికి పిచ్చి లేదమ్మాయ్. నేను సాయంత్రం నవ్వించి వెళుతున్నాను. నువ్వు మధ్యాహ్నం ఏడిపిస్తున్నావు. మనిద్దరం ఒక్క మనిషే అనుకుంటోంది పాపం."

"మరి నాకో?"

తెలియని మరకని తెలిసినట్టు ఏనాడూ చెప్పలేదు ఆమె.

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

మరదలికి గుర్తు లేదు. మరకలక్క ఆమెని తన మంచం మీద పడుకోబెట్టి, పాపతో గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తమ్ముడికి ఫోను చేసి, "సరుకు ఇంకెవరికైనా అప్పగించి రారా" అంది. గదిలో తెర ఆర్పడం మరిచిపోయారు. లాంతరు పిల్ల నూతి గట్టు మీంచి వాళ్ళ వంకే చూస్తూ ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విని, కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందని, మందులతోనూ నిద్రతోనూ తగ్గుతుందని, తగ్గేదాకా ఇంట్లో ఆమెని ఒంటరిగా వదలొద్దని చెప్పింది. తమ్ముడు లారీ మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. చూసి పెట్టిన గది మాట మళ్ళీ ఎత్తలేదు. అక్క ముఖం చూడలేక మూడు పూటలా తనే వండాడు. ఉప్పు కూడా తనే మరిచిపోయాడు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మందుల సంచి మరకలక్క చేతిలో ఉంది. టైలరు గారి భార్య చూడనే చూసింది. ఇంకేముంది, చికిత్స కూడా మొదలైందని సాయంత్రానికి వీధంతా తెలిసింది.

"నేను వెళ్ళి చెప్పేస్తాను వదినా, ఆ గొంతు నాదని" అంది మరదలు, కాస్త తేరుకున్నాక.

"నా గురించి అనుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. నీతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎందుకమ్మా వాళ్ళకా శ్రమ?"

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరూ కలిసే ఆడతారు. పాప మధ్యలో ఉంటుంది. ఒకరు మాట ఎంచితే ఒకరు నొక్కుతారు. లాంతరు పిల్ల మాత్రం పూర్తిగా కోలుకోలేదు. రెండడుగులు వెనకే నడుస్తుంది. నూతుల దగ్గర ఆగిపోతుంది. ఒక్కోసారి అంతా బాగున్నప్పుడే ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, ఇద్దరి ముఖాల మధ్యకి చూస్తున్నట్టు చూసి, "ఇవాళ వచ్చింది ఏ నువ్వు?" అంటుంది. అప్పుడు వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

టైలరు గారి భార్య ఇప్పటికీ కొత్తగా అద్దెకి వచ్చినవాళ్ళకి ఈ కథ చెబుతుంది. గొంతు, తెర, పసిపాప ఏడుపు, అన్నీ సరిగ్గానే చెబుతుంది. ఆ మధ్యాహ్నాలన్నీ మరకలక్క లాండ్రీలో మరకలు తీస్తూ ఉంది.