నీలకంఠం స్టీరియో కుండలు

మా కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వరసలో నీలకంఠం ఉండేవాడు. పోర్టులో కలాసీ. మంచివాడే, ఎవరింట్లో పని పడినా ముందుండేవాడు. కానీ ఎనభై నాలుగులో అతనికి స్టీరియో పిచ్చి పట్టింది. ఎదురింటి కొండలరావు ఓడవాళ్ల దగ్గర ఫారిన్ సెట్టు కొన్నాడు. పాట ఒక పెట్టెలోంచి, తబలా ఇంకో పెట్టెలోంచి. అది విన్న రోజు నుంచి నీలకంఠానికి తన ట్రాన్సిస్టర్ దోమ పాడినట్టే వినిపించింది.

ఆదివారం వస్తే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకుని జగదాంబ సెంటర్ వైపు షాపులన్నీ తిరిగేవాడు. షోరూములో కొత్త సెట్టు తన జీతానికి అందదు. పాత ఫారిన్ సెట్టు అందుతుంది కానీ చెడితే బాగుచేసేవాడు లేడు. చిన్నది కొంటే కొండలరావు నవ్వుతాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని వాట్లనీ బాస్ అనీ చెబుతుంటే, మేము కూడా ఏదో తెలిసినట్టు తలూపేవాళ్లం.

ఆ ఆదివారాలే అతని తల్లి జోగమ్మకూ కావలసి వచ్చాయి. వానాకాలమంతా మంచంలో ఉండి, అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. పద్మనాభం అనే ఊళ్లో ఉన్న అక్క కాశమ్మను ఒక్కసారి చూడాలని ఆవిడ ఆశ. కాశమ్మకు చూపు ఆనదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని బస్సెక్కించి తేవాలి. నీలకంఠం ఎప్పుడూ కాదనలేదు. ఈ షాపు కూడా చూసేస్తే తీరిక దొరుకుతుందమ్మా అనేవాడు. షాపులు తరిగేవి కావు.

చివరికి రేడియో మెకానిక్ వీరన్న దారి చూపించాడు. యాంప్లిఫయర్ తను కట్టిస్తానన్నాడు. స్పీకర్లకు చెక్క పెట్టెలెందుకు, రెండు కొత్త కుండల మూతుల మీద బిగిస్తే గోడలు అదిరిపోతాయన్నాడు. వైరు వెళ్లడానికి కుండ అడుగున కన్నం మాత్రం కుమ్మరి చేత పెట్టించమన్నాడు. నీలకంఠం ఎగిరి గంతేశాడు.

కన్నం పెట్టిన కొత్త కుండ ఇంటికెందుకు వస్తుందో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. శ్మశానంలో కొడుకు నీళ్లతో భుజానికెత్తుకుని చితి చుట్టూ తిరిగేది దాన్నే. తండ్రి పోయినప్పుడు ఆ కుండ మోసింది నీలకంఠమే. తెలియక కాదు, బుర్ర నిండా స్పీకర్లే ఉంటే ఇంకేం గుర్తుంటుంది? కుమ్మరి ఎల్లారావు దగ్గరికెళ్లి కన్నం పెట్టిన కుండలు రెండు కావాలన్నాడు. జోగమ్మ జబ్బు సంగతి ఎల్లారావుకు తెలుసు. అలాంటి కుండలకు బేరం ఆడరు, ఎవరికని అడగరు. తలవంచుకుని కన్నాలు పెట్టి ఇచ్చాడు. ఈ మహానుభావుడు ఒకటి భుజాన, ఒకటి చంకన పెట్టుకుని బజారు వీధి మీదుగా వీరన్న కొట్టుకు నడిచాడు.

మధ్యాహ్నానికి మా వరసంతా జోగమ్మ వాకిట్లో ఉంది. నేను కూడా భుజాన తువ్వాలు వేసుకుని వెళ్లాను. చూస్తే జోగమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఏం పని మీద వచ్చారని అడిగితే ఊరికే వచ్చామన్నాం. కోడలు సన్యాసమ్మ అందరికీ టీ పెట్టడానికి లోపలికెళ్లింది. గొంతు దిగని టీ అంటే అదే.

పద్మనాభం నుంచి రోజూ టౌనుకొచ్చే పాలవాడి నోట జోగమ్మ పోయిందన్న కబురు అప్పటికే ఆ ఊరు చేరింది. సాయంత్రం వీధి మొదట్లోంచే ఏడుపు వినిపించింది. మనవడి చెయ్యి పట్టుకుని కాశమ్మ వస్తోంది. చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుంటోంది. జోగమ్మకు అప్పుడు అంతా అర్థమైంది. ఒలుస్తున్న వెల్లుల్లి పక్కన పెట్టి లేచింది.

"అప్పా, నానిక్కడే ఉన్నానే," అంది అక్కతో.

కాశమ్మ రెండు చేతులతో చెల్లెలి ముఖం తడుముతూ అలాగే నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే నీలకంఠం రిక్షా వచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి తల్లి పోయిందనుకున్నాడు. మూతులకు స్పీకర్లు బిగించిన కుండలు అలాగే చేతుల్లో పట్టుకుని "అమ్మా" అంటూ జనాన్ని తోసుకుని వచ్చాడు. ఎదురుగా తల్లి ఉంది. మేమందరం అతన్ని కాదు, కుండల్ని చూస్తున్నాం. అతను కూడా వాటిని చూసుకున్నాడు. ఆ ముఖంలో సిగ్గు చూడలేక నేనే తల తిప్పుకున్నాను.

జోగమ్మ గొంతు పెంచలేదు. "నాను బతికున్నాను, మా అప్పని తేరా అంటే తేలేకపోనావు. సచ్చిపోనానని తెలిత్తే అదే వచ్చీసింది."

ఆ కుండలు గడప దాటడానికి వీల్లేదంది సన్యాసమ్మ. వాటిని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అతనే తీసుకెళ్లి మురుగు కాలువ పక్కన పెట్టి వచ్చేసరికి, తల్లి రెండు చీరలు మూట కట్టుకుని ఉంది. అప్పతో కొన్నాళ్లు ఉండి వస్తానంది. ఎన్నాళ్లో చెప్పలేదు.

నీలకంఠం మూట మోసుకుని బస్సు దాకా వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. బస్సు కదిలేదాకా అక్కాచెల్లెళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఊరి కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. కిటికీ కింద నిలబడి, తనవైపు ఒక్కసారి చూస్తుందేమోనని అతను తలెత్తి ఎదురుచూశాడు. నలుగురిలో అమ్మ నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంటికి తిరిగి నడవగలిగేవాణ్ణి అన్నాడు నాతో, బస్సు వెళ్లిపోయాక.