తొమ్మిది మందిని వెతికిన కరుణక్క

స్క్రోల్ చేస్తున్న నువ్వు, ఒక్క నిమిషం ఆగు.

బాగుపడ్డాక, నిన్ను బాగుచేసిన వాళ్ళ దగ్గరకి మళ్ళీ వెళ్ళావా?

నిన్న పొద్దున దుబాయ్ అల్ కుసైస్‌లో మా స్టోర్ షట్టర్ ఎత్తుతుంటే మా సంఘంలోని దేవదానం ఫోన్ చేశాడు. కరుణక్క చనిపోయిందన్నాడు. బ్రెయిన్ స్ట్రోక్. అజ్మాన్‌లో, తన ఫ్లాట్‌లోనే.

షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

ఏడుద్దామనే కూర్చున్నాను. నవ్వొచ్చింది. అక్కని తలుచుకుంటే అంతే.

నరసాపురం మనిషి. గుండె ఆసుపత్రిలో నర్సు. నేను వాక్యం చెప్పే శుక్రవారం ఆరాధనలో చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చునేది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి కళ్ళు మూసుకునేది. నా ప్రసంగంలో నిద్రపోతున్నావా అక్కా అని ఒకసారి అడిగాను.

"మీ గొంతుకి నిద్ర ఎక్కడ పడుద్దండీ? కళ్ళు మూసుకుని ఓర్చుకుంటన్నానంతే" అంది.

అక్క పనేమిటో చెప్పాలి.

గుండె రక్తనాళం గట్టిపడి ఉంటే, బెలూన్‌తో తెరిచేటప్పుడు ఎప్పుడైనా చిరుగుతుంది. రక్తం బయటికి కారి, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు తొడుగు ఉన్న స్టెంట్ పెట్టి ఆ చిరుగు మూస్తారు. ట్యూబుకి లోపలి నుంచి ప్యాచ్ వేసినట్టు అని చెప్పేది అక్క.

చిక్కేమిటంటే, ఆ ప్యాచ్ దగ్గర కండ పెరిగి దారి మళ్ళీ మూసుకుపోవచ్చు. అందుకే తొడుగు మీద మందు పూసిన కొత్త రకాన్ని పరీక్షిస్తున్నారు. ముందే ఒప్పుకున్న వాళ్ళకే పెడతారు. వాళ్ళు కొన్ని నెలలకి తిరిగి వచ్చి చూపించుకోవాలి.

వాళ్ళని రప్పించడం అక్క డ్యూటీ.

నొప్పి ఉన్నవాడు పిలవకుండానే వస్తాడు. బాగున్నవాడు రాడు.

ఒక శుక్రవారం నేను బైబిల్లో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల మీద మాట్లాడాను. పదిమందీ బాగుపడ్డారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. మిగతా తొమ్మిది మంది ఎక్కడికి పోయారని బల్ల గుద్దాను. మైకు కుయ్యిమంది.

వెంటనే సాక్ష్యం చెప్తానని దేవదానం లేచాడు. ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. గుండె నాళం చిరిగితే డాక్టర్లు ఏదో కొత్త ప్యాచ్ వేశారట. ప్రభువు పూర్తిగా బాగుచేశాడట.

"ఇప్పుడు నాకేం లేదు. ఇంక ఆసుపత్రి ఖలాస్" అన్నాడు.

హాలంతా స్తోత్రం. అందరికంటే గట్టిగా నాదే.

వెనక అక్క లేచింది. అన్నాళ్ళూ వాడు తన పేషెంట్ అని మాలో ఎవరికీ చెప్పలేదు. వాడే బయటపెట్టుకున్నాడు కాబట్టి నోరు విప్పింది.

"తమ్ముడూ, ఆ పదిమందినీ ప్రభువు యాజకులకి చూపించుకోమన్నాడు. దారిలోనే బాగయ్యారు. అయినా చూపించుకోవడం మానెయ్యమనలేదు. నీ యాజకుడు మొన్న గ్లౌజులేసుకుని నీకోసం చూసీ చూసీ ఎల్లిపోయాడు."

హాలు గొల్లుమంది. దేవదానం కూడా నవ్వాడు. కానీ వస్తానని మాత్రం అనలేదు. ముదీర్, అంటే వాళ్ళ మేనేజర్, సెలవివ్వడన్నాడు. కాసేపటికి అసలు భయం చెప్పాడు. మళ్ళీ ఏదైనా ఉందని తేలితే ఉద్యోగం తీసేసి ఊరికి పంపేస్తారని.

అక్క నావైపు తిరిగింది.

"బ్రదర్ గారూ, బల్ల గుద్దింది మీరు. తీసుకొచ్చేది కూడా మీరే."

తీసుకెళ్ళాను. ముదీర్‌తో ఫోన్‌లో అక్కే హిందీలో మాట్లాడింది. సగం బతిమాలింది, సగం గదిమింది. సెలవు దొరికింది.

పరీక్షలో చూస్తే స్టెంట్ అంచున దారి సన్నబడి ఉంది. వాడికి తెలియనే లేదు.

ఆ రోజే బెలూన్‌తో సరిచేశారు. వాడి ఉద్యోగం కూడా ఎక్కడికీ పోలేదు.

అయితే కొత్త స్టెంట్ ఓడిపోయినట్టేనా అక్కా అని అడిగాను.

"ఈడొక్కడితో తేలదండీ. అందరూ వస్తేనే తేలుద్ది. రానోళ్ళందరూ బాగానే ఉన్నారని రాసేసుకుంటే, రేపు ఇంకొకడి గుండెలో అబద్ధం పెట్టినట్టే."

గంటసేపు అరిచే నేను ఇంత పొట్టి ప్రసంగం ఎన్నడూ చేయలేదు.

నిన్న అజ్మాన్ వెళ్తుంటే దేవదానం నా పక్కన కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు, "పైన కూడా అక్క తలుపు పక్కనే కూచునుంటాదన్నా. చెకప్ ఎగ్గొట్టి వచ్చినోణ్ణి యల్లా, నడువ్ అని ఎనక్కి పంపేద్ది."

కారులో ఇద్దరం ఏడుస్తూ నవ్వాం.

పోయిన శుక్రవారం అక్క నన్ను తలుపు దగ్గర ఆపింది. ఇంకొక మనిషి రాలేదట. ఫోన్ నంబర్ మారిపోయిందట. పేరు నాకు చెప్పకూడదట.

"గుండెకి ప్యాచ్ ఏశారు, బాగానే ఉన్నానని మీ మీటింగుల్లో ఎవరైనా అంటే, ముందు స్తోత్రం అనకండి. నా దగ్గరికి పంపండి" అంది.

అక్కా, నీ కాళ్ళు చాలా తిరిగాయి. ప్రభువు సన్నిధిలో హాయిగా కునుకు తీయి. ఇక నా గొంతు నిన్ను లేపదు.

ఇప్పుడు నువ్వు. అక్క వెతికిన మనిషివి.

నీ పేరు నాకు తెలియదు. ఏ లేబర్ క్యాంపులో ఉన్నావో తెలియదు. బాగానే ఉన్నానంటావు, నమ్ముతాను. అయినా వెళ్ళి చూపించుకో. ఆసుపత్రిలో అక్క కుర్చీలో ఇంకో సిస్టర్ ఉంది, ఫోన్ ఎత్తుతుంది. ముదీర్ ఒప్పుకోకపోతే నాకు చెప్పు, నేనొస్తాను.

వచ్చే శుక్రవారం కాదు. రేపు కాదు.

ఈ పోస్ట్ మూసెయ్. ఈరోజే ఫోన్ చెయ్యి.