నోవైలో ఆగిన బ్లోవర్

అమెరికాలో మా అమ్మాయి ఉండే నోవై ఊరు చేరేసరికి నేల కనిపించలేదు. అంతా మంచే. పద్మ పచ్చి బాలింత. తనే కారు తోలుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చింది. ఎనిమిదితో చదువాపి పటాలంలో చేరి, కొండదారుల్లో సైన్యం లారీలు తోలినవాణ్ణి. చలి నాకు కొత్త కాదు. కానీ అక్కడ నాకు లైసెన్సు లేదు. అల్లుడు వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి చిక్కుకుపోయాడు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. పద్మకి తోడుండడమే నా డ్యూటీ.

ఒకరోజు తెల్లారాక ఫోన్ మోగింది.

"హాస్పిటల్ నుంచి కాల్ నాన్నా. బేబీకి బ్రీదింగ్ ప్రాబ్లమ్ అట. వెంటనే రమ్మన్నారు."

బయట మంచు విసిరి కొడుతోంది. క్యాబ్ ఒక్కటీ దొరకలేదు. కారు స్టార్టయింది గానీ, అద్దం మీదికి వేడిగాలి కొట్టే బ్లోవర్ కదల్లేదు. ఫ్యూజు తీసి చూశాను, బాగానే ఉంది. నా సీటు ముందు, డ్యాష్‌బోర్డు అర కింద ఉంటుంది దాని మోటారు. బూటుతో తన్నాను. గుర్రుమని తిరిగి ఆగింది. కరెంటు మోటారు దాకా అందుతోంది, లోపల తిరిగే భాగానికి దాన్ని చేర్చే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. పటాలంలో అయితే వేరే మోటారులోని పాత బ్రష్షునే సానబట్టి దూర్చి బండి పంపేవాళ్ళం. ఇక్కడ నా చేతిలో ఉన్నది స్క్రూడ్రైవర్ ఒక్కటే.

"నువ్వు పోనీ. నేను కొడుతూ ఉంటా."

వంగి స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద తట్టాను.

"తిరిగింది నాన్నా!"

"ఆపకు, పోనీ."

"అయ్యో, ఆగింది."

మళ్ళీ తట్టాను. రెండు సిగ్నళ్ళు దాటాక అది పూర్తిగా చచ్చింది. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. కిటికీలు దించితే మంచు ఒళ్ళో పడింది. మెడలో మఫ్లర్ తీసి తుడిచినచోటే మళ్ళీ తెల్లబడుతోంది. ఆ ఆవిరి మా ఇద్దరి ఊపిరే.

"మాట్లాడకు. ముక్కుతో మెల్లగా పీల్చు."

"జవాన్లకి చెప్పినట్టు చెప్తావేంటి నాన్నా!" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆమె ముందు అద్దం గప్పున మసకేసింది.

"ఏడవకమ్మా, అద్దంలోంచి కనపడట్లేదు," అన్నాను.

బిడ్డ కోసం అల్లాడే కూతురికి తండ్రి చెప్పే మాటేనా అది? ఇంకో మాట నాకు దొరకలేదు. పద్మ పెదాలు బిగించింది. ఆమె ముందు అరచేయంత మేర తుడుస్తూనే ఉన్నాను. అలాగే చేరాం.

పాపకి వెంటిలేటర్ పెట్టారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. నన్ను గాజు తలుపు బయటే నిలబెట్టారు. నా ఊపిరికి అదీ మసకబారింది. వెనక్కి జరిగి నిలబడ్డాను.

కొత్త మోటారు పార్సిల్లో వచ్చేనాటికి పాప గండం గడిచింది. అందులో నా పనితనం ఏమీ లేదు. మోటారు బిగించాను, వేడిగాలి బుస్సున కొట్టింది. అల్లుడు వచ్చాక ఇంటికి తిరిగొచ్చేశాను.

ఇప్పుడు ఫోన్లో మనవరాలు "తాతా" అని అరుస్తుంది. పక్కన పద్మ నవ్వుతుంది. నాకు మాత్రం ఆ అరచేయంత అద్దమే కనిపిస్తుంది. అందులోంచి రోడ్డు చూస్తూ, ఏడుపు మింగుకుని, ఊపిరి బిగబట్టిన నా కూతురు.